టోనీ విండ్సర్: పార్టీ లేని ఎంపీకి బలం ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ ఖర్చయిపోతుంది

ఇండిపెండెంట్ అనగానే మన జనాలకి గుర్తొచ్చేది టికెట్ రాక అలిగి రెబల్‌గా నామినేషన్ వేసినాయన, లేదా ఈవీఎం మీద కింద ఎక్కడో గ్యాస్ సిలిండర్ గుర్తు పక్కన కనిపించి డిపాజిట్ పోగొట్టుకునే పేరు. పొరపాటున గెలిచినా వారం తిరక్కుండా ఏదో ఒక పార్టీ నీడలోకి వెళ్లిపోతాడు, కాకపోతే పదో షెడ్యూల్ ప్రకారం స్వతంత్రుడిగా గెలిచినవాడు పార్టీలో చేరితే సభ్యత్వమే పోతుంది కాబట్టి చేరాను అనడు, బయటినుంచి మద్దతిస్తున్నా అంటాడు. అందుకే ఆస్ట్రేలియాలో టోనీ విండ్సర్ అనే ఆయన 1991 నుంచి 2013 దాకా ఏ పార్టీ లేకుండా ఎన్నిక మీద ఎన్నిక గెలిచి, ఒకసారి రాష్ట్రంలో ఇంకోసారి దేశంలో ప్రభుత్వం ఎవరిదో తేల్చాడంటే మనకి కొంచెం వింతగానే అనిపిస్తుంది. ఇంటిపేరు చూసి బ్రిటన్ రాజకుటుంబానికి చుట్టమేమో అనుకోవద్దు, ఈయన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో వెరిస్ క్రీక్ అనే చిన్న ఊరి దగ్గర వ్యవసాయం చేసుకునే రైతు.

రాజుగారి ప్రస్తావన ఎలాగూ వచ్చింది కాబట్టి అక్కడి సెటప్ ముందు చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా ఇవాళ్టికీ రాచరికమే, 2010లో దేశాధినేత రెండో ఎలిజబెత్ రాణి, ఇప్పుడు మూడో చార్లెస్ రాజు, వాళ్ల తరఫున కాన్‌బెరాలో గవర్నర్ జనరల్ ఉంటారు. ప్రధానిని నియమించేది ఆ గవర్నర్ జనరలే. తమాషా ఏంటంటే ఆస్ట్రేలియా రాజ్యాంగంలో ప్రధానమంత్రి అనే పదవి గురించి ఒక్క ముక్క ఉండదు, పార్టీల గురించి కూడా 1977లో సెనేట్ ఖాళీలు ఎలా నింపాలో చెప్తూ చేసిన ఒక సవరణలో తప్ప ఎక్కడా ఉండదు. మిగతాదంతా లండన్ నుంచి వచ్చిన ఆనవాయితీ: కింది సభలో ఎవరి వెనక ఎక్కువమంది ఉన్నారో వాళ్లని పిలవడం. అంటే రాజు మనిషి లెక్కపెట్టేది తలల్నే, ఆ తల మీద ఏ పార్టీ టోపీ ఉందో చూడడు. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు, ఎందుకంటే ఏదో ఒక పార్టీకి మెజారిటీ ఉంటుంది. రెండువైపులా సమానంగా తెగినప్పుడు మాత్రం పార్టీ లేని ఒక్క తల విలువ అమాంతం ఆకాశానికి ఎక్కుతుంది.

ఇండిపెండెంట్ ఎంపీ కెరీర్ అర్థం కావాలంటే రెండు లెక్కల్ని విడివిడిగా చూడాలి. ఒకటి నియోజకవర్గంలో గెలిచే లెక్క, ఇది ఆయన చేతిలో ఉంటుంది, ఏళ్ల తరబడి కష్టపడి పెంచుకోవచ్చు. రెండోది సభలో ఆయన ఓటు అవసరమయ్యే లెక్క, ఇది ఆయన చేతిలో అస్సలు ఉండదు, మిగతా అన్ని నియోజకవర్గాల్లో ఏం జరిగిందన్నదాని మీద ఆధారపడి వస్తుంది, వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. చాలామంది మొదటి లెక్క గెలిచి రెండోది రాకుండానే రిటైరైపోతారు. విండ్సర్‌కి రెండోది రెండుసార్లు వచ్చింది, రెండోసారి వచ్చినప్పుడు మొదటిదాంట్లో పోగేసుకున్నదంతా దాని మీద పెట్టేశాడు.

మొదట్లో ఈయన కూడా ఒకరకంగా రెబలే. గ్రామీణ ప్రాంతాల్లో పాతుకుపోయిన నేషనల్ పార్టీలో ఉండేవాడు, టామ్‌వర్త్ అసెంబ్లీ సీటుకి పార్టీ టికెట్ అడిగాడు, ఇవ్వలేదు, ఇండిపెండెంట్‌గా నిలబడి 1991లో గెలిచేశాడు. ఆ ఎన్నికలో న్యూ సౌత్ వేల్స్ అసెంబ్లీలో ఉన్న 99 సీట్లలో ముఖ్యమంత్రి నిక్ గ్రైనర్ కూటమికి (లిబరల్, నేషనల్ పార్టీలు కలిసినది) 49, ప్రత్యర్థి లేబర్ పార్టీకి 46, ఇండిపెండెంట్లకి 4 వచ్చాయి. ఒక్కటి తక్కువ. కొత్తగా వచ్చిన విండ్సర్ గ్రైనర్‌కి మద్దతు ఇవ్వడంతో ఆ లెక్క 50 అయింది. మిగతా ముగ్గురు, జాన్ హాటన్, క్లోవర్ మూర్, పీటర్ మెక్‌డొనాల్డ్, వేరే దారిలో వెళ్లి తమ డిమాండ్లు రాతపూర్వకంగా పెట్టి బేరమాడారు, అసెంబ్లీకి నాలుగేళ్ల ఫిక్స్‌డ్ గడువు లాంటి సంస్కరణలు ఆ బేరంలోంచి వచ్చినవే, 1995లో రెఫరెండంలో జనం దానికి ఓకే చెప్పారు కూడా. వాళ్లతో పోలిస్తే విండ్సర్ మొదటి ఇన్నింగ్స్ సాదాగానే ఉంటుంది. కానీ మైనారిటీ ప్రభుత్వం లోపలినుంచి ఎలా నడుస్తుంది, ఏ కాగితం మీద ఏం రాయించుకోవాలి, నోటిమాటకి విలువెంత అనేవి దగ్గర్నుంచి చూసినవాడిగా, పందొమ్మిదేళ్ల తర్వాత అదే పరిస్థితి దేశం స్థాయిలో ఎదురైనప్పుడు ఆ గదిలో అందరికన్నా కంగారు లేని మనిషి ఆయనే అయ్యాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అసలు ఇండిపెండెంట్లు అక్కడ అన్నిసార్లు ఎలా గెలుస్తారు, మన దగ్గరగానీ బ్రిటన్‌లోగానీ ఎందుకు అంత కష్టం? జవాబు సగానికి పైగా ఓటు వేసే పద్ధతిలోనే ఉంది. ఆస్ట్రేలియాలో ఓటరు ఒక్కరికి టిక్ కొట్టి రాడు, బ్యాలెట్ మీద ఉన్నవాళ్లందరికీ 1, 2, 3 అని నంబర్లు వేయాలి. ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవాణ్ని తీసేసి వాడి ఓట్లని ఆ ఓటర్లు రాసుకున్న తర్వాతి నంబర్ ప్రకారం పంచుతారు, ఇలా తీసేస్తూ పోతే చివరికి ఇద్దరు మిగుల్తారు. నేషనల్ పార్టీ కంచుకోటలో లేబర్ అభ్యర్థి ఎలాగూ గెలవడు, ఆ సంగతి లేబర్ ఓటర్‌కీ తెలుసు, అందుకని 1 లేబర్‌కి వేసినా 2 ఇండిపెండెంట్‌కి వేస్తాడు, ఓటు వేస్ట్ అవుతుందన్న భయం ఉండదు. అంటే ఇండిపెండెంట్ ఫస్ట్ రావక్కర్లేదు, రెండో స్థానంలోకి వస్తే చాలు, మిగతావాళ్ల ఓట్లే ఎత్తి కూర్చోబెడతాయి. 2013లో విక్టోరియా రాష్ట్రంలోని ఇండై సీట్లో సరిగ్గా ఇదే జరిగింది, లిబరల్ పార్టీకి చెందిన సోఫీ మిరబెల్లాకి మొదటి ప్రాధాన్య ఓట్లు దాదాపు 45 శాతం, ఇండిపెండెంట్ క్యాథీ మెక్‌గొవాన్‌కి 31 శాతం, కానీ పంపకాలన్నీ అయ్యాక మెక్‌గొవాన్ 439 ఓట్లతో గట్టెక్కింది.

బ్రిటన్‌లో ఈ నంబర్ల పద్ధతి లేదు, మనలాగే ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే. అందుకే అక్కడ ఇండిపెండెంట్ గెలవాలంటే పెద్ద పార్టీలే పక్కకి జరగాలి. 1997లో బీబీసీ యుద్ధ విలేకరిగా పేరు తెచ్చుకున్న మార్టిన్ బెల్ తెల్ల సూటు వేసుకుని టాటన్‌లో పోటీ చేసినప్పుడు, డబ్బు తీసుకుని సభలో ప్రశ్నలు అడిగాడన్న ఆరోపణల్లో ఉన్న నీల్ హామిల్టన్‌ని ఓడించడానికి లేబర్, లిబరల్ డెమొక్రాట్లు ఇద్దరూ తమ అభ్యర్థుల్ని తప్పించారు, బెల్ 11 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. 2001లో రిచర్డ్ టేలర్ అనే రిటైర్డ్ డాక్టర్ కిడర్‌మిన్‌స్టర్ ఆసుపత్రిని తగ్గించేశారని ఒకే ఒక్క ఇష్యూ మీద నిలబడి 17 వేలకు పైగా మెజారిటీతో గెలిచాడు, అప్పుడు కూడా లిబరల్ డెమొక్రాట్లు పోటీ పెట్టలేదు. ఇద్దరూ గొప్పగా గెలిచినవాళ్లే, కానీ వాళ్లున్న రోజుల్లో టోనీ బ్లెయిర్‌కి కొండంత మెజారిటీ, వీళ్ల ఓటు అటు పడినా ఇటు పడినా ఎవరికీ పట్టేది కాదు. బెల్ ఒక్క టర్మే అని మాటిచ్చాడు కాబట్టి 2001లో టాటన్ వదిలేసి బ్రెంట్‌వుడ్‌లో నిలబడ్డాడు, ఓడిపోయాడు. టేలర్ 2005లో తక్కువ మెజారిటీతో మళ్లీ గెలిచి 2010లో ఓడాడు. సరిగ్గా అదే 2010లో బ్రిటన్‌లో కూడా హంగ్ వచ్చింది చూడండి, అప్పటికి ఆయన సభలో లేడు, అంత చిత్రంగా ఉంటుంది ఈ టైమింగ్.

మళ్లీ విండ్సర్ దగ్గరికి వద్దాం. పదేళ్లు రాష్ట్ర అసెంబ్లీలో ఉన్నాక 2001లో ఫెడరల్ పార్లమెంటుకి న్యూ ఇంగ్లాండ్ అనే సీటు నుంచి పోటీ చేశాడు. టామ్‌వర్త్, ఆర్మిడేల్ లాంటి ఊళ్లు, పశువులు, పత్తి, ధాన్యం, మధ్యలో ఒక యూనివర్సిటీ, ఇదీ ఆ ప్రాంతం. 1922 నుంచి అది నేషనల్స్‌దే, పార్టీ పేర్లు మారాయిగానీ సీటు చేతులు మారలేదు. సిట్టింగ్ ఎంపీని ఓడించి విండ్సర్ గెలిచాడు, తర్వాత 2004, 2007 కూడా సునాయాసంగా కొట్టేశాడు. కానీ ఈ తొమ్మిదేళ్లలో సభలో ఆయన చేయగలిగింది ఏముందంటే, నిజాయితీగా చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. ప్రధాని జాన్ హోవార్డ్‌కి మెజారిటీ ఉంది, తర్వాత కెవిన్ రడ్‌కీ ఉంది. పార్టీ ఎంపీకైతే కనీసం పార్టీ మీటింగ్‌లో తలుపులేసుకుని మంత్రిని నిలదీసే ఛాన్స్ ఉంటుంది, ఇండిపెండెంట్‌కి ఆ తలుపు కూడా లేదు. ప్రతి బిల్లూ తనే చదువుకోవాలి, ఎటు ఓటెయ్యాలో చెప్పే విప్ ఉండడు, ఉన్న నలుగురు స్టాఫ్‌తో వందల పేజీలు తిరగెయ్యాలి. మిగతా టైమంతా నియోజకవర్గంలో తిరగడం, పెన్షన్ ఆగినవాడి కాగితాలు, రోడ్డు గ్రాంట్లు, హాస్పిటల్ బెడ్లు. బయటినుంచి చూసేవాళ్లకి ఇది చిల్లర పనిలా కనిపిస్తుంది, కానీ ఇండిపెండెంట్‌కి ఉన్న ఏకైక ఆస్తి ఇదే, పార్టీ గాలి లేనివాడికి సొంత పేరు తప్ప ఇంకేం నిలబెట్టదు. 2010 నాటికి ఆ ఆస్తి ఎంత పెరిగిందంటే చివరి ఇద్దరి లెక్కలో ఆయనకి సుమారు 71 శాతం వచ్చింది. అదే సీట్లో లేబర్ పార్టీకి పది శాతం కూడా రాలేదు, ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

2010 ఆగస్టు 21న ఎన్నికలు. 150 మంది సభలో ప్రధాని జూలియా గిలార్డ్ లేబర్‌కి 72, టోనీ అబాట్ కూటమికి 72. మిగిలిన ఆరుగురిలో వెస్ట్రన్ ఆస్ట్రేలియా నేషనల్ టోనీ క్రూక్ చివరికి అబాట్ వైపే అని అందరికీ తెలుసు, గ్రీన్స్ ఎంపీ ఆడమ్ బ్యాండ్ట్ ముందే గిలార్డ్ వైపన్నాడు. టాస్మేనియా నుంచి ఆండ్రూ విల్కీ, క్వీన్స్‌ల్యాండ్ నుంచి బాబ్ కేటర్, న్యూ సౌత్ వేల్స్ నుంచి రాబ్ ఓక్‌షాట్, విండ్సర్. వీళ్లలో కేటర్, ఓక్‌షాట్, విండ్సర్ ముగ్గురూ ఒకప్పుడు నేషనల్స్‌లో ఉండి బయటికొచ్చినవాళ్లు, ముగ్గురివీ పల్లెటూరి సీట్లు, కాబట్టి మొదటిరోజు నుంచీ చాలామంది అబాటే ప్రధాని అని ఫిక్స్ అయిపోయారు.

తర్వాత 17 రోజులు దేశం ఆగిపోయింది అనడం కొంచెం ఎక్కువే, ఆపద్ధర్మ ప్రభుత్వం నడుస్తూనే ఉంది, కానీ టీవీలన్నీ ఈ ముగ్గురి చుట్టూనే. వీళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. బేరానికి కూర్చునే ముందు, రెండు పార్టీలూ ఎన్నికల్లో ఇచ్చిన హామీలకి ఎంత ఖర్చవుతుందో ట్రెజరీ అధికారుల చేత లెక్క వేయించి మాకు చూపించండి అని అడిగారు. అబాట్ మొదట కుదరదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. లెక్క వేస్తే కూటమి చెప్పిన దానికీ ట్రెజరీ అంచనాకీ మధ్య 700 కోట్ల నుంచి 1100 కోట్ల డాలర్ల దాకా తేడా తేలింది. పార్టీ ఎంపీలు అడగలేని ప్రశ్న అది, సొంత నాయకుడి లెక్కలు తప్పని నిరూపించే కాగితం ఎవడు అడుగుతాడు? ఇండిపెండెంట్ల వల్ల ప్రజలకి కలిగిన లాభాల్లో దీన్ని ముందు వరుసలో పెట్టాలి, ఎందుకంటే ఇందులోంచే తర్వాత 2012లో పార్లమెంటరీ బడ్జెట్ ఆఫీస్ అనే స్వతంత్ర సంస్థ వచ్చింది, ఇప్పుడు ఏ పార్టీ అయినా, ఏ ఒంటరి ఎంపీ అయినా తన హామీకి ఖర్చెంతో అక్కడ లెక్క వేయించుకోవచ్చు.

ఈలోగా రాణిగారి ప్రతినిధికి వేరే తలనొప్పి. అప్పటి గవర్నర్ జనరల్ క్వెంటిన్ బ్రైస్, ఆవిడ అల్లుడు బిల్ షార్టెన్, ఆయన లేబర్ ఎంపీ, గిలార్డ్‌ని ప్రధాని చేసిన ముఖ్యుల్లో ఒకడు. టై అయిన సభలో ప్రధానిని పిలవాల్సిన మనిషికి ఒక పార్టీతో ఇంటి సంబంధం ఉందన్నమాట. మన దగ్గరైతే ఈ ఒక్క పాయింట్ మీద నెలరోజులు డిబేట్లు నడిచేవి. ఆవిడ న్యాయ సలహా అడిగారు, రాజ్యాంగపరంగా అడ్డంకి ఏం లేదని సొలిసిటర్ జనరల్ చెప్పాడు. నిజానికి ఆవిడ నిర్ణయించాల్సిన అవసరమే రాకుండా చూడడం ఆ వ్యవస్థకి మంచిది, ఎంపీలు బహిరంగంగా లెక్క తేల్చేస్తే రాజప్రతినిధి సంతకం పెడితే చాలు. మన రాజ్‌భవన్ రాజకీయాలు, అర్ధరాత్రి లెటర్లు, రిసార్టులు చూసి అలవాటైన కళ్లకి ఇది చప్పగా కనిపించొచ్చు. రిసార్టు అవసరమే రాలేదు అక్కడ, ఉన్న ముగ్గురూ రోజూ ప్రెస్ ముందే కూర్చున్నారు.

విల్కీ సెప్టెంబర్ 2న గిలార్డ్ వైపు చెప్పాడు. ఆయన బేరం విచిత్రం, హోబార్ట్ ఆసుపత్రికి అబాట్ 100 కోట్ల డాలర్లు ఇస్తానంటే అది మరీ ఎక్కువ, బాధ్యత లేని ఆఫర్ అని వద్దనుకుని, గిలార్డ్ ఇస్తానన్న 34 కోట్లు తీసుకున్నాడు, దాంతోపాటు జూదం మెషీన్ల మీద కట్టడి తెస్తానని మాట తీసుకున్నాడు. సెప్టెంబర్ 7న కేటర్ 20 డిమాండ్ల లిస్టు పట్టుకుని అబాట్ వైపు వెళ్లాడు. ఇక 74, 74. ఆ మధ్యాహ్నం విండ్సర్, ఓక్‌షాట్ పక్కపక్కన కూర్చున్నారు, విండ్సర్ మొదట మాట్లాడి గిలార్డ్ అన్నాడు, 75. ఓక్‌షాట్ 17 నిమిషాలు మాట్లాడాడు, చివరిదాకా తేల్చకుండా, ఆ స్పీచ్ మీద ఇప్పటికీ అక్కడ జోకులున్నాయి. చివరికి 76.

విండ్సర్ ఎందుకు అటు వెళ్లాడు? ఆయన చెప్పిన కారణాల్లో మొదటిది ఇంటర్నెట్. లేబర్ ప్రభుత్వం దేశమంతా ఫైబర్ లాగే ఎన్‌బీఎన్ ప్రాజెక్ట్ మొదలెట్టింది, కూటమి దాన్ని ఆపేస్తామంది, పల్లెటూళ్లకి దూరం అనే శాపం పోవాలంటే ఇదొక్కటే దారి అని ఈయన గట్టిగా నమ్మాడు. గ్రామీణ ప్రాంతాలకి దాదాపు 1000 కోట్ల డాలర్ల ప్యాకేజీ కూడా ఒప్పందంలో ఉంది. రెండో కారణం మాత్రం చాలా కొంటెగా ఉంటుంది, ఎన్నికలు మళ్లీ పెడితే గెలిచేది అబాటే అన్న అంచనా ఉంది కాబట్టి ఆయన్ని కూర్చోబెడితే అవకాశం దొరగ్గానే సభ రద్దు చేసి జనం దగ్గరికి వెళ్తాడు, లేబర్‌కైతే ఓడిపోతామన్న భయం కాబట్టి మూడేళ్లు కదలకుండా కూర్చుంటుంది, నాకు కావలసింది పూర్తికాలం నడిచే పార్లమెంట్. అంటే బలహీనుడితో పొత్తు పెట్టుకోవడమే లాభం. ఇది స్వార్థం అన్నవాళ్లున్నారు, కానీ ఇండిపెండెంట్ కోణంలోంచి చూస్తే ఇంతకన్నా సరైన లెక్క లేదు, ఎందుకంటే సభ రద్దయిన మరుక్షణం ఆయన విలువ సున్నా, రాయించుకున్న కాగితాలన్నీ చిత్తుకాగితాలు.

ఇక్కడ ఒప్పందం అంటే మంత్రివర్గంలో చేరడం కాదు. వాళ్లు రాసిచ్చింది రెండే: అవిశ్వాసం వస్తే నీ వైపు ఉంటాం, బడ్జెట్ పడిపోనివ్వం. మిగతా ప్రతి బిల్లు మీదా ఎవరి ఓటు వాళ్లదే. ఈ ఏర్పాటులో ఇండిపెండెంట్‌కి అసలు సుఖం ఏంటంటే ప్రభుత్వం ప్రతి బిల్లుకీ మళ్లీ మళ్లీ వచ్చి అడగాలి. మూడేళ్లలో ఐదు వందలకు పైగా చట్టాలు పాసయ్యాయి, ఇంత గొడవ సభ అన్నారుగానీ పని మాత్రం జరిగింది.

విండ్సర్ ముద్ర మూడు చోట్ల గట్టిగా కనిపిస్తుంది. మొదటిది కార్బన్ ధర, అంటే గాల్లోకి వదిలే కార్బన్‌కి కంపెనీలు కట్టాల్సిన రుసుము. ఎన్నికల ముందు నా ప్రభుత్వంలో కార్బన్ పన్ను ఉండదు అని గిలార్డ్ అంది, గెలిచాక గ్రీన్స్ పట్టుదలతో అన్ని పక్షాల కమిటీ వేయాల్సొచ్చింది, అందులో విండ్సర్, ఓక్‌షాట్ కూర్చున్నారు, 2011 అక్టోబర్‌లో బిల్లు కింది సభలో 74కి 72తో పాసయింది, 2012 జూలై 1 నుంచి టన్నుకి 23 డాలర్లు. అబాట్ వచ్చాక 2014లో దాన్ని రద్దు చేశాడు, కానీ దాంతోపాటే పుట్టిన క్లీన్ ఎనర్జీ ఫైనాన్స్ కార్పొరేషన్‌ని మాత్రం తీయలేకపోయాడు, అది ఇప్పటికీ ఉంది. రెండోది నీళ్లు. ముర్రే డార్లింగ్ నదీ పరీవాహకంలో సాగునీరెంత, నదికి వదలాల్సిందెంత అన్న గొడవ అక్కడ దశాబ్దాలది, మన కృష్ణా నీళ్ల పంపకం గురించి తెలిసినవాళ్లకి ఆ ఆవేశం వేరే చెప్పక్కర్లేదు, ముసాయిదా ప్లాన్ కాపీల్ని రైతులు తగలబెట్టారు కూడా. అప్పుడు గ్రామీణ ఆస్ట్రేలియా కమిటీకి ఛైర్మన్‌గా విండ్సర్ ఊరూరూ తిరిగి విచారణ చేసి 2011లో రిపోర్ట్ ఇచ్చాడు, 2012 నవంబర్‌లో బేసిన్ ప్లాన్ చట్టరూపంలోకి వచ్చింది. స్వయంగా రైతు, పార్టీ లైను లేనివాడు కాబట్టే ఆ కుర్చీలో ఆయన మాట కొంతైనా చెల్లింది. మూడోది బొగ్గు, గ్యాస్ తవ్వకాలు. పెద్ద బొగ్గు గనులూ కోల్ సీమ్ గ్యాస్ (బొగ్గు పొరల్లోంచి తీసే గ్యాస్) ప్రాజెక్టులూ భూగర్భ జలాల మీద చూపే ప్రభావాన్ని కేంద్రం కూడా పరిశీలించాల్సిందే అన్న సవరణ 2013లో ఆయన పట్టుబట్టడం వల్లే వచ్చింది, దాన్ని అక్కడ వాటర్ ట్రిగ్గర్ అంటారు.

నియోజకవర్గానికీ దక్కింది. ఆర్మిడేల్‌లో 2011 మే నెలలో ప్రధాన భూభాగం మీద ఎన్‌బీఎన్ తొలి కనెక్షన్లు మొదలయ్యాయి, టామ్‌వర్త్ ఆసుపత్రి విస్తరణకి కేంద్రం డబ్బొచ్చింది.

అయినా జనం కోపం తగ్గలేదు. ఎందుకంటే ఇందాక చెప్పిన లెక్క: ఆ సీట్లో లేబర్‌కి పది శాతం లోపే. ఆయనకి ఓటేసినవాళ్లలో అత్యధికులు నేషనల్స్ భావజాలం ఉన్న మనుషులే, పార్టీ మీద విసుగుతో మన టోనీ అని వేశారు, మన టోనీ వెళ్లి లేబర్ ప్రధానిని కూర్చోబెట్టాడు. ఆస్ట్రేలియాలో ఇండిపెండెంట్లకి అంతర్లీనంగా ఉండే ఇరుకు ఇదే. పెద్ద పార్టీల్లో ఒకదాని కంచుకోటలో, రెండో పార్టీ ఓటర్ల సాయంతో గెలుస్తారు, ఎవరో ఒకరిని ఎంచుకోవాల్సిన రోజు రానంతవరకూ రెండు రకాల ఓటర్లూ సర్దుకుంటారు. ఎంచుకున్న రోజు సగం ఇల్లు ఖాళీ అవుతుంది. అబాట్‌ని ఎంచుకున్నా వేరే సగం ఖాళీ అయ్యేదే, కాకపోతే ఆ సగం చిన్నది. ఈ సంగతి తెలియనివాడు కాదు విండ్సర్. తెలిసే చేశాడు, ఆయన కెరీర్‌లో మెచ్చుకోవాల్సింది ఏదన్నా ఉంటే ఆ ముక్కే.

బలం అద్దెకి వచ్చిందేగానీ సొంతం కాదని విల్కీ అనుభవం చూపిస్తుంది. 2011 నవంబర్‌లో స్పీకర్ హ్యారీ జెన్‌కిన్స్ రాజీనామా చేశాడు, లేబర్ వాళ్లు ప్రతిపక్షం నుంచి పీటర్ స్లిప్పర్ అనే ఎంపీని లాగి స్పీకర్ని చేశారు, దాంతో ప్రభుత్వానికి సభలో ఒక ఓటు కలిసొచ్చింది, ప్రతిపక్షానికి ఒకటి తగ్గింది. రెండు నెలలు తిరక్కుండా 2012 జనవరిలో జూదం మెషీన్ల మీద ఇచ్చిన మాటని గిలార్డ్ పక్కనబెట్టింది. విల్కీ మద్దతు ఉపసంహరించుకున్నాడు, ప్రభుత్వం మాత్రం పడలేదు. అదే విల్కీ ఇప్పటికీ తన సీటు గెలుస్తూనే ఉన్నాడు, అది వేరే సంగతి, ఆయన సీటు నగరంలోది, ఆయన ఓటర్లకి ఆయన ఎంపిక మరీ అంత చేదు కాదు.

2013 జూన్ 26న విండ్సర్ ఇక పోటీ చేయనని చెప్పాడు, ఓక్‌షాట్ కూడా అదే రోజు. అదే రోజు రాత్రి లేబర్ పార్టీలోపల గిలార్డ్‌ని 57కి 45తో ఓడించి రడ్ తిరిగొచ్చాడు. ఇండిపెండెంట్లు ఒప్పందం రాసుకుంది గిలార్డ్‌తో, పార్టీ నాయకుణ్ని మార్చుకుంటే ఆ ఒప్పందం ఏమవుతుంది అని గవర్నర్ జనరల్ మళ్లీ న్యాయ సలహా తీసుకోవాల్సొచ్చింది, రడ్ ప్రమాణం చేశాడు, ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి గొడవ అక్కడితో ఆగింది. సెప్టెంబర్‌లో న్యూ ఇంగ్లాండ్ మళ్లీ నేషనల్స్ చేతికి, బార్నబీ జాయిస్‌కి వెళ్లింది. ఓక్‌షాట్ సీటూ అంతే.

2016లో విండ్సర్ మళ్లీ దిగాడు, ఈసారి ఉపప్రధాని హోదాలో ఉన్న జాయిస్ మీద. 58కి 42 ప్రాంతంలో ఓడిపోయాడు. 71 నుంచి 42కి. తర్వాత ఏడాది కథ ఇంకో మలుపు తిరిగింది, ఆస్ట్రేలియా రాజ్యాంగం 44వ సెక్షన్ ప్రకారం వేరే దేశ పౌరసత్వం ఉన్నవాళ్లు ఎంపీగా ఉండకూడదు, తండ్రి వైపునుంచి జాయిస్‌కి న్యూజిలాండ్ పౌరసత్వం ఉందని తేలింది, హైకోర్టులో ఆ కేసులో విండ్సర్ కూడా ఒక కక్షిదారు. అక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లెక్క. 2017 అక్టోబర్ 27న జాయిస్ ఎన్నిక చెల్లదంది. ఉపఎన్నిక వచ్చింది, విండ్సర్ పోటీ చేయలేదు, జాయిస్ ఇంకా ఎక్కువ ఓట్లతో తిరిగొచ్చాడు. అన్నట్టు ఈ 44వ సెక్షన్ ఇండిపెండెంట్లనీ వదల్లేదు, 1992లో మాజీ ప్రధాని బాబ్ హాక్ ఖాళీ చేసిన విల్స్ సీట్లో గెలిచిన ఫిల్ క్లియరీ, జీతం లేని సెలవులో ఉన్న గవర్నమెంట్ టీచర్ అన్న కారణంతో పదవి పోగొట్టుకుని, 1993లో మళ్లీ నిలబడి గెలిచాడు.

విండ్సర్ దారికి పూర్తి వ్యతిరేకం టెడ్ మ్యాక్. సిడ్నీ ఉత్తర భాగంలో మేయర్‌గా, తర్వాత రాష్ట్ర అసెంబ్లీలో, 1990 నుంచి 1996 దాకా ఫెడరల్ ఎంపీగా, మూడు స్థాయిల్లోనూ ఇండిపెండెంట్‌గానే గెలిచాడు, రెండు సభల్లోనూ పార్లమెంటరీ పెన్షన్‌కి అర్హత వచ్చేలోపే తప్పుకున్నాడు. ప్రభుత్వాన్ని నిలబెట్టే ఛాన్స్ ఫెడరల్‌లో ఆయనకి ఎప్పుడూ రాలేదు, అయినా తర్వాతి తరం ఇండిపెండెంట్లందరూ గురువుగా చెప్పుకునేది ఆయన పేరే. రాచరికం పోవాలనుకునే మనిషే అయినా 1999 రిపబ్లిక్ రెఫరెండంలో వద్దనే ప్రచారం చేశాడు, ఎందుకంటే ప్రతిపాదించిన అధ్యక్షుణ్ని ఎన్నుకునేది జనం కాదు, ఎంపీలు. పార్టీల చేతికి ఇంకో కుర్చీ ఇవ్వడం ఎందుకన్నది ఆయన వాదన.

2019లో ఇండైలో మెక్‌గొవాన్ తప్పుకుంటే ఆ సీటు హెలెన్ హెయిన్స్ అనే ఇంకో ఇండిపెండెంట్‌కే వెళ్లింది, అదే ఏడాది జాలీ స్టెగాల్ అనే ఇండిపెండెంట్ అబాట్‌నే ఓడించింది. 2022లో టీల్ (నీలం, ఆకుపచ్చ కలిసిన) రంగు బోర్డులతో ఆరుగురు కొత్తవాళ్లు, అందరూ మహిళలే, సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్‌లలో ధనిక లిబరల్ కోటల్ని పడగొట్టి వచ్చారు, క్రాస్‌బెంచ్ (రెండు పెద్ద పక్షాల్లోనూ లేని ఎంపీలు) 16 మందికి చేరింది. ఇంతమంది వచ్చినా సభలో వీళ్ల ఓటుతో పనిలేదు, లేబర్‌కి 77 సీట్లొచ్చాయి. ఆ ధీమాతోనే ప్రధాని ఆల్బనీజ్ వచ్చీ రాగానే ఇండిపెండెంట్లకి అదనంగా ఇచ్చే సలహాదారుల్ని నలుగురి నుంచి ఒక్కరికి కోసేశాడు, బిల్లులు చదివిపెట్టే మనుషులే లేకపోతే ఇక ఏం ప్రశ్నిస్తారు. 2025లో లేబర్ 94కి పోయింది, క్రాస్‌బెంచ్ ఓటు ఇంకా చవకైంది.

అదే 2025 ఫిబ్రవరిలో లేబర్, లిబరల్ రెండూ కలిసి ఎన్నికల ఖర్చు చట్టం పాస్ చేశాయి. ఒక్కో సీట్లో అభ్యర్థి 8 లక్షల డాలర్లు మించి ఖర్చు పెట్టకూడదు, పార్టీలైతే దేశం మొత్తం మీద 9 కోట్ల దాకా పెట్టుకోవచ్చు. పైకి సమానంగానే కనిపిస్తుంది. కానీ అభ్యర్థి పేరు ఎత్తకుండా పార్టీ పేరుతో ఆ ఊళ్లో వేసే హోర్డింగ్ జాతీయ ఖాతాలోకి పోతుంది, ఇండిపెండెంట్‌కి తన పేరు తప్ప ఇంకో ఖాతా లేదు, వేసిన ప్రతి బోర్డూ ఆ 8 లక్షల్లోంచే. విండ్సర్ లాంటి లోకల్ పేరున్నవాడికి ఇది పెద్ద అడ్డు కాకపోవచ్చు, పదేళ్ల పాటు ఊరూరూ తిరిగి సంపాదించిన గుర్తింపుకి బిల్లు ఉండదు కదా. కొత్తగా నిలబడేవాళ్లకే అసలు ఇబ్బంది, వాళ్ల పేరు జనానికి తెలియడానికే సగం డబ్బు అయిపోతుంది.